సిగ్గుతో తొందరపడితేనే ప్రమాదం: ఆనల్ టాయ్స్ మొదటిసారి వాడేవాళ్ళు తెలుసుకోవాల్సింది

మలద్వారంలో వాడే సెక్స్ టాయ్స్ గురించి నెల్లూరులో అయినా ఒంగోలులో అయినా నోరు తెరిచి అడిగేవాళ్ళు అరుదు. ఆర్డర్ పెట్టేవాళ్ళు మాత్రం ఉన్నారు. ఫోన్‌లో బొమ్మ చూసి, పైన పేరు లేని అట్టపెట్టెలో తెప్పించుకుని, తలుపేసుకుని, ఎవరికీ చెప్పకుండా మొదలుపెడతారు. వీళ్ళలో పెళ్ళయిన జంటలుంటారు, ఒంటరిగా ఉండే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉంటారు, మగవాళ్ళతో సంబంధంలో ఉన్న మగవాళ్ళుంటారు. లైంగిక ఆరోగ్యం మీద కౌన్సెలింగ్ పని చేస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్నలు నా దాకా వస్తాయి, అవీ చాలా చుట్టు తిరిగి. "మోషన్‌కి పోతే మంటగా ఉండాది మేడమ్" అని మొదలుపెట్టి, ఎంతోసేపు మాట్లాడాక గానీ అసలు సంగతి బయటపెట్టరు.

వాళ్ళ మాటలు విన్నకొద్దీ నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. ఇందులో తగిలే దెబ్బలకి టాయ్ కంటే సిగ్గే ఎక్కువసార్లు కారణం. సరైన వస్తువు కొనడానికి సిగ్గుపడి ఇంట్లో చేతికి దొరికింది వాడతారు. మెడికల్ షాపులో జెల్ అడగలేక షాంపూ రాసుకుంటారు. ఎవరైనా తలుపు కొడతారేమోనని తొందరపడతారు. ఏదైనా జరిగితే ఆస్పత్రికి పోవడానికి మొహం చెల్లక రోజుల తరబడి ఓర్చుకుంటారు. అన్నిటికంటే ఈ చివరిదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇది 18 ఏళ్ళు నిండి, తమంతట తాము ఇష్టపడి ప్రయత్నించాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నది. ఇష్టం లేనివాళ్ళు చేసి తీరాల్సిన పని కాదిది. భార్య వద్దన్నా భర్త వద్దన్నా మాట అక్కడితో ఆగిపోవాలి. "ఒక్కసారి చూద్దాం" అని బతిమాలి ఒప్పించడం కూడా ఒత్తిడే. మనసు ఒప్పుకోనప్పుడు ఆ కండరం కూడా ఒప్పుకోదు. అదెందుకో ముందు చెప్పుకోవాలి.

లోపల ఏముంటుంది

మలద్వారం నుంచి లోపలికి 3, 4 సెంటీమీటర్ల పొడవున సన్నటి దారి ఉంటుంది. దాని చుట్టూ, ఒకదాని లోపల ఇంకొకటిగా, రెండు కండరాల వలయాలు. బయటి వలయం మన చెప్పుచేతల్లో ఉంటుంది. బిగించమంటే బిగిస్తుంది, వదలమంటే వదులుతుంది. లోపలి వలయం అట్లా కాదు. గుండె కొట్టుకోవడం, పేగులు కదలడం మన చేతిలో ఎట్లా లేవో ఇదీ అంతే. మామూలుగా ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. భయపడినా, కంగారుపడినా, నొప్పి తగిలినా బిగుసుకుంటుంది. నెమ్మదిగా, నిలకడగా ఏదైనా ఆనుకుని ఉంటే కాసేపటికి దానంతట అదే సడలుతుంది.

మొదటిసారి వాడేవాళ్ళు పడే ఇబ్బందిలో సగం ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే. బయటి కండరం వదులైంది కదా అని నెట్టేస్తారు. లోపలిది ఇంకా మూసుకునే ఉంటుంది. సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది. ఆ నొప్పికి రెండూ కలిసి బిగుసుకుంటాయి. ఇంకా గట్టిగా నెడితే చర్మం చీలుతుంది. దాన్నే డాక్టర్లు ఫిషర్ అంటారు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు మోషన్‌కి పోవాలంటేనే వణుకు పుడుతుంది.

ఆ సన్నటి దారి దాటాక పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం. ఇది సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవుంటుంది, కాస్త వెడల్పుగానే ఉంటుంది. కానీ తిన్నగా ఉండదు. దారి మొదట్లో బొడ్డు వైపు వంగి ఉంటుంది, తర్వాత వెన్నెముక వైపు తిరుగుతుంది, ఇంకా పైకి పోతే పెద్దపేగు మలుపు వస్తుంది. అందుకే పొడవుగా, కర్రలా గట్టిగా ఉన్న వస్తువులు ప్రమాదం. ఆ మలుపు దగ్గర గోడకి గుచ్చుకుని రంధ్రం పడితే మలం కడుపులోకి చేరుతుంది. అది అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి.

ఇంకో సంగతి. మలద్వారం దగ్గరి భాగంలో నొప్పి తెలిపే నరాలు దండిగా ఉంటాయి. ఒకటి రెండు సెంటీమీటర్లు లోపలికి పోయాక కోత, గీత లాంటి నొప్పి పెద్దగా తెలియదు, నిండినట్టు ఒత్తిడి మాత్రమే తెలుస్తుంది. అంటే లోపల గీసుకుపోయినా ఒళ్ళు మనకి చెప్పదు. చెప్పగలిగిందల్లా గుమ్మం దగ్గరే చెబుతుంది. ఆ కాస్త హెచ్చరికనీ నోరు నొక్కేసే పని ఒకటి చాలామంది చేస్తున్నారు. మొలల కోసం అమ్మే ఆయింట్‌మెంట్లలో కొన్నింటిలో మొద్దుబార్చే లిగ్నోకైన్ ఉంటుంది. విడిగా లిగ్నోకైన్ జెల్ కూడా దొరుకుతుంది. నొప్పి లేకుండా ఉంటుందని అది రాసుకుని మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయొద్దు. నొప్పి వస్తే ఆగాలి. నొప్పి తెలియకుండా చేసుకుంటే ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్ళే ఉండరు. మద్యం తాగి మొదలుపెట్టడం కూడా ఇంతే.

మరి దీనిలో సుఖమేముందని అడుగుతారు. ఆ ద్వారం చుట్టూ నరాలు ఎక్కువ, అది ఒక కారణం. మగవాళ్ళలో పురీషనాళం ముందు గోడకి ఆనుకుని ప్రొస్టేట్ గ్రంథి ఉంటుంది. వేలు లోపల పెట్టి బొడ్డు వైపు మెల్లగా నొక్కితే తగిలే చోట అది ఉంటుంది. దాన్ని ఒత్తితే కొందరికి గాఢమైన సుఖం కలుగుతుంది, కొందరికి ఏమీ అనిపించదు. ఇది శరీర నిర్మాణం. దీన్నిబట్టి ఆ మగవాడు ఎవరిని ఇష్టపడతాడో తేలదు. "ఇది నచ్చితే నేను ఆ టైపా మేడమ్" అని కుమిలిపోయే పెళ్ళయిన కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఆడవాళ్ళకి ప్రొస్టేట్ ఉండదు గానీ అదే ముందు గోడకి అవతల యోని ఉంటుంది, అక్కడి నరాలూ దగ్గరదగ్గరే ఉంటాయి.

కొనేటప్పుడు చూడాల్సింది

అన్నిటికంటే ముందు అడుగు భాగం చూడండి. రంగు, బ్యాటరీ, ధర అన్నీ తర్వాత. టాయ్ ఎంత లావుందో అంతకంటే వెడల్పైన అడుగు దానికి ఉండాలి, లేకపోతే వేళ్ళు పట్టే గట్టి రింగు ఉండాలి. కారణం కండరాల పనితీరే. టాయ్‌లో లావైన భాగం లోపలి వలయాన్ని దాటగానే వెనక కండరం మూసుకుంటుంది. అక్కడి నుంచి పేగు కదలికలు దాన్ని పైకి లాక్కుంటాయి. చేయి జారడం క్షణంలో పని. జెల్ రాసిన వేళ్ళతో దాన్ని మళ్ళీ పట్టుకోవడం మీ వల్ల కాదు. యోనికి లోపల గర్భాశయ ముఖం అడ్డుంటుంది కాబట్టి అక్కడ వాడే చిన్న వైబ్రేటర్లకి ఇట్లాంటి అడుగు ఉండకపోవచ్చు. వాటినే వెనక వాడకూడదు. తాడు ఉందికదా అనుకోవద్దు, తాడు తెగుతుంది. అడుగు మరీ మెత్తగా ఉండి నొక్కితే ముడుచుకుపోయేట్టుంటే అదీ పనికిరాదు.

క్యారెట్, వంకాయ, సీసా, టార్చిలైటు, బ్రష్ పిడి, కొవ్వొత్తి లాంటివి ఎంత శుభ్రంగా కడిగినా వాడొద్దు. కూరగాయ లోపల విరుగుతుంది, గాజు సీసా పగులుతుంది, సీసా మూతి గాలిని పట్టి గోడకి అతుక్కుంటుంది. వీటిలో దేనికీ జారకుండా ఆపే అడుగు లేదు. డబ్బులు లేక ఇట్లాంటివి వాడేవాళ్ళ కంటే, పార్సిల్ ఇంట్లోవాళ్ళు విప్పుతారన్న భయంతో వాడేవాళ్ళు ఎక్కువని నాకనిపిస్తుంది. కొరియర్ ఆఫీసుకే పోయి తెచ్చుకునే వీలుందేమో అడగండి, నమ్మకమైన స్నేహితుల చిరునామా ఇవ్వండి. ఆ మాత్రం శ్రమ పడటం ఆపరేషన్ బల్ల మీద పడుకోవడం కంటే మేలు.

సైజు విషయంలో బొమ్మలు మోసం చేస్తాయి. కొనేముందు స్కేలు చేతిలో పెట్టుకుని కొలతలు చదవండి. మొదటిదానికి అత్యంత లావైన చోట 2, 2.5 సెంటీమీటర్ల అడ్డుకొలత చాలు. అంటే పెద్దవాళ్ళ వేలి కంటే కాస్త ఎక్కువ. పొడవు 8, 10 సెంటీమీటర్లు దాటక్కర్లేదు. చివర సన్నగా మొదలై, మెల్లగా లావెక్కి, మళ్ళీ సన్నటి మెడ, దాని కింద వెడల్పైన అడుగు ఉండే ప్లగ్ మొదటిసారికి తగినది. మూడు సైజులు కలిపి అమ్మే సెట్‌లో చిన్నదాన్ని చూసి "ఇదేంటి ఇంత చిన్నది" అనిపిస్తుంది. ఆ చిన్నదే మీది. పూసల దండలాంటివి తీసుకుంటే అన్నీ కలిసి ఒకే సిలికాన్ ముక్కగా ఉన్నవి చూడండి. దారానికి గుచ్చిన పూసలైతే ఆ దారంలో చేరిన మురికి ఎంత కడిగినా పోదు.

దేనితో చేశారన్నది కూడా ముఖ్యం. మెడికల్ గ్రేడ్ సిలికాన్, స్టెయిన్‌లెస్ స్టీల్, బోరోసిలికేట్ గాజు మంచివి. వీటికి సూక్ష్మ రంధ్రాలు ఉండవు కాబట్టి పూర్తిగా శుభ్రపడతాయి. జెల్లీలా మెత్తగా ఉండి, పెట్టె విప్పగానే ప్లాస్టిక్ చెప్పుల కంపు కొట్టేవి, చేతికి జిడ్డు తగిలేవి పీవీసీ రకాలు. వాటిని మెత్తబరచడానికి థాలేట్లనే రసాయనాలు కలుపుతుంటారు, పైగా వాటి రంధ్రాల్లో సూక్ష్మక్రిములు దాక్కుంటాయి. చేతికి వచ్చాక అట్లాంటిదని తేలితే పారేయండి, డబ్బు పోయిందని చూసుకోవద్దు. పారేయడం ఇష్టం లేకపోతే కనీసం కండోమ్ తొడిగే వాడండి. ఈ వస్తువుల డిజైన్, భద్రతల మీద ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం 2021లో వచ్చింది. పెట్టె మీద ఆ అంకె కనబడితే మంచి గుర్తే.

చట్టం గురించి భయపడేవాళ్ళకి రెండు మాటలు. 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు, వయసొచ్చినవాళ్ళు ఇష్టంతో ఏకాంతంలో జరుపుకునే లైంగిక చర్యలకి, 'ప్రకృతి విరుద్ధ' సంభోగాన్ని నేరంగా చూసే 377 సెక్షన్ వర్తించదని తేల్చింది. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు ఆ సెక్షనే లేదు. అశ్లీల వస్తువుల అమ్మకం, ప్రదర్శనల మీద చట్టం ఉంది, దిగుమతుల దగ్గర కస్టమ్స్ పేచీలు కోర్టుల దాకా పోయాయి. 2024 మార్చిలో బాంబే హైకోర్టు బాడీ మసాజర్లని అశ్లీల వస్తువులుగా చూసి ఆపడం సరికాదంది. ఏమైనా మీ ఇంట్లో మీకోసం వాడుకోవడం నేరమనే చట్టమేదీ లేదు.

జెల్ లేకుండా వద్దే వద్దు

యోనిలో ఊరినట్టు ఇక్కడ తడి ఊరదు. పొర పలచన, పొడిగా ఉంటుంది. అందుకే బయటి నుంచి జారుడు ఇవ్వాల్సిందే, అదీ ధారాళంగా. మెడికల్ షాపులో లూబ్రికెంట్ జెల్ అని అడిగితే ఇస్తారు. వాళ్ళకది రోజూ అమ్మే సరుకు. పక్కన ఎవరో ఉన్నారని వెనకాడితే చీటీ మీద రాసి ఇవ్వండి.

నీళ్ళతో చేసిన జెల్ దేనితోనైనా కలుస్తుంది, కడిగితే పోతుంది. ఒక్కటే ఇబ్బంది, త్వరగా ఆరిపోతుంది. ఆరినప్పుడల్లా మళ్ళీ వేసుకోవాలి. సిలికాన్ జెల్ ఎక్కువసేపు నిలుస్తుంది, వెనకవైపుకి చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ సిలికాన్ టాయ్‌కి సిలికాన్ జెల్ రాస్తే టాయ్ పైపొర ఉబ్బి పాడవుతుంది. స్టీలుకీ గాజుకీ పర్వాలేదు. కొబ్బరి నూనె, ఆముదం, వాసలీన్ లాంటి నూనె పదార్థాలు రబ్బరు కండోమ్‌ని నిమిషాల్లో బలహీనపరుస్తాయి. కండోమ్ వాడేచోట వాటి జోలికి పోవద్దు. సబ్బు, షాంపూ, చేతి క్రీములు ఆ పలచటి పొరని తినేస్తాయి. ఉమ్మి క్షణాల్లో ఆరిపోతుంది, పైగా రోగాలని మోస్తుంది.

లేబుల్ మీద చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వేడి పుట్టించేవి, చల్లబరిచేవి, స్ట్రాబెర్రీ వాసన వేసేవి వెనకవైపు వద్దు. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ మరీ ఎక్కువున్న జెల్ చిక్కగా ఉండి పొరలోని కణాల నుంచి నీటిని లాగేస్తుంది. కణాలు ఎండి రాలిపోతాయి, రోగక్రిములకి దారి దొరుకుతుంది. దీన్ని కొలిచే లెక్కని ఆస్మొలాలిటీ అంటారు. అది కిలోకి 1200 మిల్లీఆస్మోల్స్ దాటకుండా చూడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ అంకె పెట్టె మీద లేకపోతే, గ్లిజరిన్ లేదని రాసిన సాదా రకం తీసుకోండి. నొనాక్సినాల్-9 అనే వీర్యకణ నాశిని కలిసిన కండోమ్ గానీ జెల్ గానీ వెనకవైపు వాడకూడదు, అది పొరని దెబ్బతీసి హెచ్‌ఐవీ లాంటివి సోకే అవకాశాన్ని పెంచుతుంది.

శుభ్రత గురించి అతి భయం

ఆడా మగా అందరూ అడిగేది ఇదే, "మురికి అంటదా?" కొంచెం అంటొచ్చు. అదేమీ ఘోరం కాదు, పాత తువ్వాలు ఒకటి కింద పరుచుకుంటే సరిపోతుంది. నిజానికి మలం ఎక్కువసేపు పైనున్న పెద్దపేగులోనే నిలిచి ఉంటుంది, పురీషనాళంలోకి వచ్చినప్పుడు మనకి మోషన్‌కి పోవాలనిపిస్తుంది. ఉదయం సాఫీగా పోయి, స్నానంలో బయటివైపు నీళ్ళతో కడుక్కుంటే మామూలుగా చాలు. నీళ్ళతో కడుక్కునే అలవాటు మనకి ఎట్లాగూ ఉంది.

లోపల కడుక్కోవాలని పట్టుబట్టేవాళ్ళకి చెప్పేది, ఎనీమా బల్బుతో (లోపలికి నీళ్ళు ఎక్కించే రబ్బరు బుడ్డి) కాసిని గోరువెచ్చటి మంచినీళ్ళు, అంతే. సబ్బు నీళ్ళు, డెట్టాల్ వద్దు. బాత్రూం జెట్ స్ప్రేని ద్వారానికి ఆనించి తిప్పడం మరీ ప్రమాదం, ఆ ఒత్తిడికి పేగు చిట్లవచ్చు. రోజూ చేస్తే లోపలి పొర, అక్కడ ఉండాల్సిన మేలు చేసే క్రిములు రెండూ దెబ్బతింటాయి. దానికంటే తిండి మీద దృష్టి పెట్టడం నయం. రాగి సంగటి, ఆకుకూర, పండ్లు, తగినన్ని నీళ్ళు ఉంటే మోషన్ మెత్తగా, ఒకేసారి, శుభ్రంగా అవుతుంది. అవసరమైతే ఇసబ్గోల్ తీసుకోవచ్చు. గట్టి మలంతో ముక్కేవాళ్ళు ముందు ఆ సమస్య తీర్చుకుని తర్వాతే టాయ్ సంగతి ఆలోచించాలి. ముందు రోజు రాత్రి మంట పుట్టించే చేపల పులుసు తిని ఉంటే ఆ మంట కింద కూడా తెలుస్తుంది, కాబట్టి మొదటిసారికి కారం తగ్గించుకోండి.

మొదటిసారి

గంటన్నర పాటు ఎవరూ పిలవని సమయం చూసుకోండి. ఉమ్మడి ఇళ్ళలో ఇది కష్టమని తెలుసు. అయినా ఆ తీరిక దొరకని రోజు మొదలుపెట్టకపోవడమే మంచిది. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడే ఒంట్లో ఆ లోపలి కండరం సడలదు.

టాయ్ కంటే ముందు వేలు. గోరు పూర్తిగా కత్తిరించి, నున్నగా చేసి, నైట్రైల్ గ్లవ్ గానీ కండోమ్ గానీ తొడిగి, జెల్ బాగా పూయండి. పక్కకి తిరిగి మోకాళ్ళు పొట్ట వైపు ముడుచుకుని పడుకోవడం చాలామందికి అనువుగా ఉంటుంది. ముందు బయటే మెల్లగా రుద్దుతూ ఉండండి. వేలు లోపలికి తోయొద్దు, ద్వారానికి ఆనించి ఉంచండి. ఊపిరి నిదానంగా వదులుతూ, మోషన్‌కి పోయేటప్పుడు చేసినట్టు కొద్దిగా కిందికి ముక్కండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, అట్లా ముక్కినప్పుడే బయటి కండరం తెరుచుకుంటుంది. వేలి మొన లోపలికి పోయాక కదపకుండా ఒక నిమిషం ఆగండి. బిగువు తగ్గడం మీకే తెలుస్తుంది. లోపలి వలయం ఒప్పుకుందని దాని అర్థం.

ఆ రోజుకి అక్కడితో ఆపేసినా తప్పేమీ లేదు. నా సలహా అయితే ఆపమనే. ఇంకో రోజు వేలు హాయిగా పోతోందనుకున్నాక ప్లగ్ తీసుకోండి. దానికీ అదే పద్ధతి. మొదట బొడ్డు వైపుకి చూపించి, లావైన చోటు దగ్గర కాసేపు ఆగి, ఒళ్ళు తనంతట తాను తీసుకునే దాకా ఉండాలి. మెడ భాగం దగ్గర కండరం మూసుకున్నాక చాలావరకు ఇబ్బంది తగ్గుతుంది. నిండినట్టు ఉండటం, మోషన్ వస్తున్నట్టు అనిపించడం మామూలే. పొడిచినట్టు, కోసినట్టు, మండినట్టు అనిపించడం మామూలు కాదు. ఆ క్షణమే ఆపి, తొందర లేకుండా బయటికి తీయాలి. మొదట్లో కొద్ది నిమిషాలు చాలు. అలవాటయ్యాక కూడా గంటల తరబడి ఉంచుకోవద్దు, పెట్టుకుని నిద్రపోవద్దు. ఒకేచోట ఒత్తిడి పడితే అక్కడ రక్తప్రసరణ తగ్గి పుండు పడుతుంది.

తీసేటప్పుడు ఒక్క ఊపున లాగడం చాలామంది చేసే తప్పు. లోపలికి పంపినంత నిదానంగానే బయటికి తీయాలి. మళ్ళీ జెల్ వేసి, ఊపిరి వదులుతూ, కొద్దిగా ముక్కుతూ.

జంటగా చేస్తున్నప్పుడు టాయ్ ఎవరి ఒంట్లో ఉంటుందో మాట వాళ్ళదే. "ఆగు" అంటే ఆగాలి. "ఎందుకు, ఏమైంది" అన్నవి ఆగాక అడగాల్సిన ప్రశ్నలు. ఒకరిది ఒకరు వాడుకుంటే మధ్యలో కండోమ్ మార్చాలి. వెనక వాడినదాన్ని కడగకుండా యోనిలో పెట్టకూడదు, మలంలోని క్రిములు అక్కడా మూత్రనాళంలోనూ ఇన్ఫెక్షన్ తెస్తాయి. హెచ్‌పీవీ, గనేరియా, క్లమీడియా, సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులు ఉమ్మడి టాయ్ ద్వారా కూడా పాకగలవు. హెపటైటిస్ బీకి, హెచ్‌పీవీకి టీకాలున్నాయి, డాక్టర్‌ని అడగండి.

"వదులైపోతుందా" అన్న భయం గురించి నిజాయితీగా చెప్పాలి. కండరం సాగి మళ్ళీ దగ్గరికి వస్తుంది, రోజూ అది చేసే పని అదే. చిన్న సైజుతో, నొప్పి లేకుండా, అప్పుడప్పుడు వాడితే అది చెడిపోతుందనడానికి ఆధారం లేదు. అయితే అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే వివరాలతో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆనల్ సెక్స్ చేసేవాళ్ళలో మలం ఆపుకోలేని ఇబ్బంది కొంత ఎక్కువగా కనబడింది. అది టాయ్స్ మీద చేసింది కాదు, ఇదే దానికి కారణమని తేల్చిందీ కాదు. అయినా పెద్ద సైజులకి ఎగబాకేవాళ్ళు, నొప్పిని పంటి బిగువున ఓర్చుకునేవాళ్ళు దాన్ని పట్టించుకోవాలి.

డాక్టర్‌ని అడగకుండా వాడకూడని వాళ్ళూ ఉన్నారు. ఫిషర్, రక్తం పడే మొలలు, ఫిస్టులా (మలద్వారం పక్కన చీము కారే దారి), క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్ళు, ఆ ప్రాంతంలో ఈ మధ్య ఆపరేషన్ గానీ రేడియేషన్ గానీ అయినవాళ్ళు, కాన్పులో చిరిగి కుట్లు పడినవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు ముందు డాక్టర్‌ని కలవాలి. కలవడమంటే డిగ్రీ ఉన్న డాక్టర్‌ని. మోటార్‌సైకిల్ మీద పోతుంటే ఊరి మొదట్లో "మొలలు, ఫిషర్, ఫిస్టులా, ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో" అని కనబడే డిగ్రీ లేని బోర్డుల దగ్గరికి పోవద్దు.

కడగడం, దాచడం

వాడిన వెంటనే కడగాలి. మోటార్ లేని సిలికాన్, స్టీలు వస్తువులని సబ్బుతో కడిగి కొద్ది నిమిషాలు మరుగుతున్న నీళ్ళలో ఉంచొచ్చు. దానికి విడిగా ఒక గిన్నె పెట్టుకోండి. గాజువి మరిగించొద్దు, సబ్బు, గోరువెచ్చటి నీళ్ళు చాలు. వేడికీ చల్లకీ మారితే పగుళ్ళు రావచ్చు, వాడే ముందు ప్రతిసారీ వేలితో తడిమి చూడండి. బ్యాటరీ ఉన్నవి మరిగించకూడదు. నీళ్ళు చొరబడవని చెప్పే ఐపీఎక్స్7 గుర్తు ఉంటే నీళ్ళలో ముంచి కడగొచ్చు, లేకపోతే సబ్బు నీటి గుడ్డతో తుడవాలి.

తడి ఆరకముందే ప్లాస్టిక్ కవర్లో చుట్టి బట్టల అడుగున దాచేస్తారు. మన కోస్తా ఉక్కపోతకి బూజు పడుతుంది. పూర్తిగా ఆరాక నూలు గుడ్డ సంచిలో, ఒక్కొక్కటి విడిగా పెట్టండి. రోహిణి కార్తె ఎండలకి రేకుల ఇంట్లో అటక మీదో, బండి డిక్కీలోనో బ్యాటరీ వస్తువు ఉంచడం మంచిది కాదు. పిల్లలున్న ఇంట్లో తాళం ఉన్న చోటే ఉండాలి.

లోపల ఇరుక్కుంటే, రక్తం ఆగకపోతే

ఆ తర్వాతి రోజు దాకా కొద్దిపాటి మంట, తుడిచినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం ఉంటే కంగారుపడక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కాసేపు కూర్చోండి, మోషన్ గట్టిపడకుండా చూసుకోండి, పూర్తిగా మానేదాకా మళ్ళీ వాడొద్దు. రక్తం ఆగకుండా వస్తున్నా, గడ్డలుగా పడినా, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, పొట్ట గట్టిపడినా, జ్వరం, వాంతులు, కళ్ళు తిరగడం ఉన్నా అప్పుడే బయల్దేరాలి. ఉదయం దాకా చూద్దాం అనుకోవద్దు. పేగుకి రంధ్రం పడినప్పుడు మొదటి గంటల్లో నొప్పి తక్కువగా ఉండి, తర్వాత ఒక్కసారిగా పెరిగే సందర్భాలున్నాయి.

వస్తువు లోపలికి పోయి చేతికి అందకపోతే, ముందు కంగారు తగ్గించుకుని గొంతుక్కూర్చుని కొద్దిగా ముక్కి చూడొచ్చు. రాకపోతే అక్కడితో ఆపండి. పటకారు, స్పూను, ఇంకెవరి చేతులో పెట్టి లాగే ప్రయత్నం దాన్ని ఇంకా పైకి నెడుతుంది, గోడని చీలుస్తుంది. విరేచనాల మాత్రలు వేసుకోవద్దు, ఎనీమా తీసుకోవద్దు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినకుండా తాగకుండా నేరుగా సర్జన్లు ఉన్న ఆస్పత్రికి పోండి. నెల్లూరు వాళ్ళకి దర్గామిట్టలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, పొగతోటలో ప్రైవేటువి, ఒంగోలు వాళ్ళకి రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉన్నాయి. కదల్లేకపోతే 108.

డాక్టర్‌కి నిజం చెప్పండి. వస్తువేంటి, ఎంత పొడవు, ఎంత లావు, దేనితో చేసింది, ఎప్పుడు పోయింది, బ్యాటరీ ఉందా. అట్లాంటిదే ఇంకొకటి గానీ దాని పెట్టె గానీ ఉంటే తీసుకెళ్ళండి. "జారి పడితే పోయింది" అని కథ చెబితే వాళ్ళు నమ్మినా నమ్మకపోయినా, ఏం వెతకాలో తెలియక సమయం పోతుంది. ఎక్స్‌రే తీస్తారు, మత్తిచ్చి కండరం సడలాక చాలావరకు వచ్చినదారినే తీసేస్తారు. కడుపు కోయాల్సి రావడం ఆలస్యమైనప్పుడో, రంధ్రం పడినప్పుడో ఎక్కువ. "ఎవరైనా బలవంతం చేశారా" అని అడుగుతారు, అది మీ రక్షణ కోసం అడిగే ప్రశ్న. నిజంగా బలవంతం జరిగి ఉంటే అప్పుడే చెప్పండి. వైద్యం ఆపకుండా, ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత ఆస్పత్రికి ఉంది. మీ వివరాలు గోప్యంగా ఉంచడం వాళ్ళ వృత్తి ధర్మం. ఇంటివాళ్ళ ముందు మాట్లాడలేకపోతే "సార్, కాసేపు వీళ్ళని బయట ఉండమనండి" అని అడిగే హక్కు మీకుంది.

ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే, అంటే చీము, పుండు, దురద, చెడు వాసనతో స్రావం ఉంటే, ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్‌లో సుఖవ్యాధులకి పరీక్ష, మందులు ఉచితం. హెచ్‌ఐవీ పరీక్ష ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో చేస్తారు. మొహం చూపించకుండా ముందు ఫోన్లో అడగాలనుకుంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉచిత నంబరు. తెలుగులోనే మాట్లాడొచ్చు.